తక్కెడ ఉండగా బొమ్మెందుకు?

అమెరికాలో నగల దుకాణాల అద్దాల వెనక మోటారు బొమ్మలు దశాబ్దాల పాటు ఆడాయి. నల్లగొండ, పాలమూరు బంగారం బజార్లలో ఆ సంప్రదాయం పుట్టనే లేదు. కారణం పేదరికమా, కరెంటు లేకపోవడమా, లేక మనవాళ్లు బంగారాన్ని చూసే తీరేనా?

1925లో కాలిఫోర్నియాలోని సౌత్ పసడీనాలో ఆర్థర్, హేజెల్ బారంజర్ దంపతులు ఒక వింత వ్యాపారానికి దిగారు. నగల దుకాణాల వాళ్లకు కదిలే బొమ్మలు తయారుచేసి అద్దెకివ్వడం ఆ వ్యాపారం. దుకాణం ముందరి అద్దాల అరలో ఇమిడే చిన్న రంగస్థలం, దాని మీద పెళ్లికూతురు, పెళ్లికొడుకు, వాళ్ల మధ్య మనుషుల కంటే పెద్దదిగా కనిపించే ఉంగరం. అడుగున దాచిన విద్యుత్ మోటారు తిరుగుతుంటే చక్రాలూ మీటలూ కదిలి బొమ్మ తల వంచుతుంది, చెయ్యి చాపుతుంది, తలుపు తెరుచుకుంటుంది. అంతా అయ్యాక ఆట మళ్లీ మొదటికొస్తుంది. ఈ బొమ్మల్ని దుకాణదారుకు అమ్మేవాళ్లు కాదు. గడువు తీరగానే పెట్టెలో సర్ది మరో ఊరికి పంపేవాళ్లు, మరో ఊళ్లో ఆడిన బొమ్మ ఇక్కడికి వచ్చేది. మన టూరింగ్ టాకీసులకు సినిమా పెట్టెలు ఊరి నుంచి ఊరికి తిరిగినట్టే అవీ తిరిగాయి. దశాబ్దాల పాటు ఆ కార్ఖానా కొత్త కొత్త బొమ్మలు చేస్తూ పోయింది. ఇవాళ వాటిని పాతవస్తువులు సేకరించేవాళ్లు పోటీపడి కొంటున్నారు.

ఆ కాలంలోనే నల్లగొండ, సూర్యాపేట, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, గద్వాల, వనపర్తి బజార్లలోనూ బంగారం అమ్ముడుపోయింది. పెళ్లిళ్లయ్యాయి, పుస్తెలు కట్టారు, మెట్టెలు తొడిగారు. అయినా సేటు దుకాణం ముందు బొమ్మ ఆడించే అలవాటు ఇక్కడ రాలేదు. దీన్ని వెనకబాటుతనం ఖాతాలో వేసి చేతులు దులుపుకోవడం తేలిక. ఆ జవాబు చాలదన్నదే ఈ కథనం వాదన. తూకానికి కొనే సొమ్ముకు తక్కెడ చాలు, సోకుకు కొనే సొమ్ముకే బొమ్మ కావాలి. ఈ మెట్ట ప్రాంతంలో బంగారం మొదట ఆస్తి, తర్వాతే అలంకారం. అందుకే దుకాణంలో కొనేవాడి కళ్లు అతుక్కున్నది తక్కెడ ముల్లు మీద. ఆ చూపు ముల్లు మీద నుంచి జారినప్పుడే బొమ్మకు చోటు దొరికింది. ఇప్పుడు జరుగుతున్నది అదే కాబట్టి ఇది పాత ముచ్చటగా మిగలదు, ఇవాళ్టి లెక్క కూడా అవుతుంది.

ఆపగలదు, ఒప్పించలేదు

కదిలే బొమ్మ ఏం చేయగలదో ముందు తేల్చుకోవాలి. అద్దాల అరలను అలంకరించడం ఒక విద్యగా అమెరికాలో పంతొమ్మిదో శతాబ్దం చివర్లో కుదురుకుంది. దాని కోసమే 1897లో ఒక పత్రికను మొదలుపెట్టిన వ్యక్తి ఎల్. ఫ్రాంక్ బామ్. 1900లో ఆయన దుకాణాల అలంకరణ మీద ఒక పుస్తకం తెచ్చాడు. పిల్లల లోకమంతా ఎరిగిన ఓజ్ మాంత్రికుడి కథ కూడా అదే ఏడాది ఆయన చేతి నుంచే వచ్చింది. తెర వెనక కూర్చుని మరలు తిప్పుతూ జనాన్ని అబ్బురపరిచే మాంత్రికుడిని సృష్టించినవాడికి దుకాణం అద్దం మీద అంత ఆసక్తి ఉండటంలో ఆశ్చర్యం లేదు. రెండు చోట్లా పని ఒకటే, చూసేవాడి కన్ను మర మీద పడకుండా మాయ మీద నిలిచేలా చేయడం. కదలికకు ఆ పని చేతనవును. కదలని వందింటి మధ్య ఒకటి కదిలితే కన్ను అటే పోతుంది, కాలు ఆగుతుంది. దుకాణదారుకు కావాల్సింది ఆ క్షణమే.

ఆ బలం ఎంతటిదో చూడాలంటే కాలిఫోర్నియా దాకా పోనక్కర్లేదు. నల్లగొండ నుంచో పాలమూరు నుంచో బస్సెక్కి పట్నం వచ్చినవాళ్లు సాలార్‌జంగ్ మ్యూజియంలో తప్పక చూసేది గడియారం బొమ్మనే. గంట కొట్టడానికి కాస్త ముందు ఒక గడ్డపాయన గదిలోంచి బయటికొస్తాడు, ఎన్నయిందో అన్ని గంటలు కొడతాడు, లోపలికి పోతాడు. పక్కన కమ్మరి బొమ్మ సుత్తితో సెకన్లు కొడుతూనే ఉంటుంది. మూడో సాలార్‌జంగ్ సేకరించిన ఈ గడియారాన్ని అందించినది కలకత్తాలో పేరున్న కుక్ అండ్ కెల్వీ. ఆ కంపెనీ గడియారాలతో పాటు నగలూ వెండి సామానూ అమ్మేది. అంటే నగల వ్యాపారుల చేతి మీదుగా వచ్చిన కదిలే బొమ్మ మన మధ్యే ఉంది. గంట గంటకూ దాని ముందు జనం గుమిగూడతారు, పిల్లల్ని భుజాలకెత్తుకుంటారు, అది లోపలికి పోగానే చెదిరిపోతారు. అక్కడ అమ్మేదేమీ లేదు, కొనేదీ లేదు. అమ్మకం లేని చోట కూడా బొమ్మ జనాన్ని ఆపిందంటే దాని శక్తి ఆపడం వరకే. ఆగినవాణ్ని కొనడానికి ఒప్పించడం వేరే పని, దానికి వేరే సరంజామా కావాలి.

పుస్తెలకు ప్రకటన అక్కర్లేదు

ఆ సరంజామా మన బజార్లలో ముందునుంచే ఉంది. అవుసులాయన కుంపటి ముందు కూర్చుంటే కొనేవాళ్లు ఎదురుగా కూర్చునేవాళ్లు. మూసలో బంగారం, మీద వెలిగారం, ఊదుగొట్టంతో నిప్పు మీద ఊపిరి, పట్కారుతో తీసి పట్టెడ మీద సుత్తి దెబ్బ. అంతకు ముందూ తర్వాతా తక్కెడ. ఒక పళ్లెంలో సొమ్ము, మరో పళ్లెంలో గురిగింజలు. తులానికి తొంభై ఆరు గురిగింజల ఎత్తు అన్నది పాత లెక్క. అనుమానం వస్తే గీటురాయి మీద గీసి చూపడం. ఇదంతా కదలికే, కన్ను తిప్పుకోనివ్వని కదలికే. బారంజర్ బొమ్మలో మర దాగి ఉంటుంది, మాయ కనిపిస్తుంది. ఇక్కడ మర కొనేవాడి కళ్లెదుట ఉంటుంది, దాన్ని కనిపెట్టుకుని ఉండటం అతని హక్కు. ఇంట్లోని పాత గంటీలు, విరిగిన గొలుసు తెచ్చి కరగబెట్టించి కొత్త సొమ్ము చేయించుకునేవాళ్లకు ఆ కాపలా మరీ అవసరం. ఇచ్చిన బరువెంత, వచ్చిన బరువెంత, నడుమ తరుగెంత అన్న మూడు అంకెల మీదే బేరమంతా నడిచింది.

ఈ పట్టింపుకు మూలం నేలలో ఉంది. 1955లో పునాది రాయి పడి 1967లో కాలువలకు నీళ్లు వదిలిన నాగార్జునసాగర్ ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు పొలాలను తడిపింది. అదే ఉమ్మడి నల్లగొండ జిల్లాలో దేవరకొండ, మునుగోడు వైపు బోర్లే దిక్కయ్యాయి, తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎముకలు వంచింది. పాలమూరు పక్కనే కృష్ణ పారినా చేలు ఎండి, మట్టిపనికి దేశమంతా తిరిగిన కూలీలకు ఆ జిల్లా పేరే గుర్తయింది. ఇలాంటి చోట పండిన ఏడు అరతులమో తులమో కొనడం, ఎండిన ఏడు దాన్నే గిర్వి పెట్టడం ఇంటి ఆర్థికశాస్త్రం. విత్తనాలకు, ఆసుపత్రికి, బిడ్డ పెళ్లికి, పట్నం చదువుకు కమ్మలు సేటు పెట్టెలోకి పోయి వచ్చేవి, ఒక్కోసారి రాకుండానే పోయేవి. గిర్వి పెట్టేటప్పుడు సేటు చూసేది బరువూ మచ్చూ (స్వచ్ఛత) మాత్రమే. లతలు ఎంత సన్నగా చెక్కారో అతనికి పట్టదు. అమ్మబోతే ఏం పలుకుతుందో తెలిసిన మనిషి కొనబోయేటప్పుడూ ఆ కళ్లతోనే చూస్తాడు. అలాంటివాణ్ని బొమ్మ కాసేపు ఆపవచ్చు, అతని లెక్కను మాత్రం మార్చలేదు.

అవసరం సంగతీ అంతే. అమెరికాలో పెళ్లి నిశ్చయానికి వజ్రపుటుంగరం పెట్టాలన్న ఆచారాన్ని ఊరూరా పాతుకునేలా చేయడానికి డి బీర్స్ కంపెనీ 1938లో ఎన్.డబ్ల్యు. అయర్ అనే ప్రకటనల సంస్థను పెట్టుకుంది. వజ్రం శాశ్వతమన్న పేరుమోసిన నినాదం 1947లో అక్కడే, ఫ్రాన్సెస్ గెరెటీ అనే రచయిత్రి కలం నుంచి పుట్టింది. బారంజర్ బొమ్మలు ఆడిన కాలం కూడా అదే. ఉంగరం లేకుండా కూడా పెళ్లి జరుగుతుంది గనక, ఉంగరం కావాలన్న కోరికను పుట్టించాల్సి వచ్చింది. పుస్తెల విషయంలో ఆ తంటా లేదు. పుస్తె లేనిదే పెళ్లి లేదు, అది ఎంత ఎత్తుండాలో ఇరువైపుల పెద్దలు ముందే మాట్లాడుకుంటారు. ముహూర్తాలే అమ్మకాల తేదీలు. ఆచారమే అన్నీ చెప్పేసిన చోట అద్దం వెనక పెళ్లికూతురి బొమ్మ కొత్తగా చెప్పేదేముంది?

ఊరేగే బంగారం, దాగే బంగారం

మనవాళ్లకు బంగారాన్ని నలుగురి కళ్లముందు పెట్టడమే తెలియదనుకుంటే పొరపాటు. మహబూబ్‌నగర్ జిల్లా చిన్నచింతకుంట మండలంలోని కురుమూర్తి జాతరే దానికి సాక్ష్యం. దీపావళి తర్వాత సాగే ఈ బ్రహ్మోత్సవాల్లో స్వామివారి ఆభరణాలు ఆత్మకూరు బ్యాంకు నుంచి ఊరేగింపుగా కొండకు వస్తాయి. వాటి చరిత్రను ముక్కెర వంశపు సంస్థానాధీశులతో ముడిపెట్టి చెప్పుకుంటారు. అదే జాతరలో ఉద్దాల ఉత్సవం ఉంది, స్వామి పాదుకలు ఊరేగింపుగా కదులుతాయి. వేల మంది ముందు కిరీటమూ హారాలూ కదిలివస్తుంటే ఎవరూ ధర అడగరు. ఎవరి సొమ్మో అందరికీ తెలుసు, అమ్మకానికి లేదనీ తెలుసు. దేవుడి బంగారం ఊరేగింది, మనుషులు కొనే బంగారం ఎర్రగుడ్డ పరిచిన పెట్టెలో దాగింది. మన పద్ధతి ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది. అబ్బురానికి ఒక చోటు, బేరానికి ఒక చోటు. ఆ రెంటినీ ఒకే అద్దం వెనక కలిపేయడం బారంజర్ల తెలివి.

దేవరకొండ, అచ్చంపేట తండాల లంబాడా ఆడబిడ్డలు ఈ లెక్కలో మరో సంగతి చెబుతారు. వెండి సొమ్ములు, నాణేల పేర్లు, కుట్టుపనిలో పొదిగిన అద్దాలు ఒంటి మీద ఉండగా వాళ్లు అంగడిలో నడిచొస్తుంటే ప్రతి అడుగుకూ ఒక మెరుపు, ఒక చప్పుడు. కదిలే ప్రదర్శన అంటే అదే. చేసిచ్చిన అవుసులాయన పేరు దాని మీద ఎక్కడా రాసి ఉండదు. అయినా ఎవరు చేశారని ఒకావిడ అడిగితే మరొకావిడ చెబుతుంది, పని వెతుక్కుంటూ అతని గుమ్మానికి వస్తుంది. తొడుక్కున్నవాళ్లే ప్రచారకర్తలైన చోట దుకాణదారు విడిగా బొమ్మను అద్దెకు తెచ్చుకోవడం దండగ ఖర్చే.

ఎదురు వాదనలు

దీనికి మొదటి అభ్యంతరం తేలిగ్గానే వస్తుంది. కరెంటు ఎక్కడిది, గాజు పలకలు ఎక్కడివి, బొమ్మకు అద్దె కట్టే స్తోమతు ఎక్కడిది? ఇందులో కొంత నిజముంది. పల్లెల్లో దీపమే లేని రోజుల్లో మోటారు బొమ్మ మాట ఎత్తలేం. అయితే జిల్లా కేంద్రాల సంగతి వేరు. నల్లగొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ ఊరి నడిబొడ్డుకు గుర్తుగా నిలిచింది గడియార స్తంభమే. మరలతో నడిచే యంత్రాన్ని నలుగురూ చూసే చోట నిలబెట్టడం ఈ ఊళ్లకు కొత్త కాదు. సినిమా హాళ్లు వచ్చాయి, వినాయక చవితి మండపాల్లో కదిలే బొమ్మల సెట్టింగులు వచ్చాయి, బట్టల దుకాణాల ముందు చేతులు జోడించి తల వంచే మోటారు బొమ్మలూ వచ్చాయి. ఈ చివరిది మన వాదనకు బలమే ఇస్తుంది. చీర తూకానికి కొనేది కాదు. గద్వాల చీరైనా నారాయణపేట చీరైనా కంటికి నచ్చాలి, అంచు చూసి మనసు పడాలి. కన్ను తీర్పు చెప్పే సరుకు ముందుకు బొమ్మ వచ్చింది, తక్కెడ తీర్పు చెప్పే సరుకు ముందు ఆగిపోయింది. అడ్డం కరెంటే అయితే రెండు చోట్లా ఆగిపోవాలి.

రెండో అభ్యంతరం చట్టానిది. 1963 జనవరిలో బంగారం నియంత్రణ నిబంధనలు వచ్చాయి. 14 క్యారెట్లకు మించిన కొత్త నగలు చేయొద్దన్నారు. ఆ షరతు 1966లో తొలగినా 1968లో బంగారం నియంత్రణ చట్టం వచ్చి 1990 దాకా నడిచింది. లైసెన్సులు, నిల్వల లెక్కలు, తనిఖీలు, కడ్డీ బంగారం దాచుకోవడం మీద నిషేధం. దేశమంతటా కంసాలుల బతుకులు తలకిందులయ్యాయి. ఇంత నిఘా నడుమ ఏ వ్యాపారి మాత్రం దుకాణం ముందు హంగు చేస్తాడన్నది న్యాయమైన ప్రశ్న. దుకాణాలు గుట్టుగా ఉండటానికి ఆ చట్టం దోహదం చేసిందనడంలో సందేహం లేదు. అయితే గుట్టు అంతకు ముందూ ఉంది. బారంజర్లు వ్యాపారం మొదలుపెట్టిన 1925కూ నియంత్రణ వచ్చిన 1963కూ మధ్య ముప్పై ఎనిమిదేళ్లున్నాయి. ఆ కాలంలో బొమ్మకు అడ్డం పడిన చట్టం లేదు, దాన్ని కోరిన గిరాకీ కూడా లేదు. ఉన్న అలవాటును చట్టం బిగించింది, అంతే.

మూడోది అన్నిటికన్నా గట్టి అభ్యంతరం. బారంజర్ బొమ్మల్ని అద్దెకు తీసుకున్నవాళ్లలో చిన్న ఊళ్ల నగల వ్యాపారులూ ఉన్నారు. ఆ ఊళ్లలోనూ అందరికీ అందరూ తెలుసు. పరిచయం ఉన్న చోట బొమ్మ అక్కర్లేదంటే అక్కడెందుకు ఆడింది? ఈ వాదనను పరిచయం ఒక్కదాని మీదే నిలబెట్టి ఉంటే ఇక్కడే కూలిపోయేది. తేడా సరుకులో ఉంది. వజ్రపుటుంగరం ధర తూకం ఒక్కదాంతో తేలదు, దాన్ని కొన్న ధరకు తిరిగి అమ్ముకోవడం కష్టం, అందులోని వజ్రాన్ని కరగబెట్టలేరు. దాని విలువలో పెద్దపాలు మనసు పడటంలోనే ఉంది. మనసు పడేలా చేయడానికి ప్రేమకథ కావాలి, ప్రేమకథ ఆడటానికి బొమ్మ కావాలి. తెలిసిన వ్యాపారి అయినా సరే, ఈ నెల ఒక కథ, వచ్చే నెల మరో కథ చూపుతుండాలి. ఇరవై రెండు క్యారెట్ల గుండ్ల పేరుకు కథ అక్కర్లేదు. దాన్ని పెట్టుకున్న తల్లికి, పెట్టుకోబోయే బిడ్డకు దాని ఎత్తెంతో తెలుసు.

ఇదంతా పాతకాలపు సేటును పొగడటమని ఎవరైనా అనవచ్చు. కానే కాదు. పరిచయం ఉన్నంత మాత్రాన న్యాయం ఉన్నట్టు కాదు. గిర్వి వడ్డీ ఎన్ని కుటుంబాల కమ్మలు మింగిందో ఈ రెండు జిల్లాల్లో ముసలివాళ్లందరికీ తెలుసు. తరుగు పేరిట ఎంత పోయిందన్న అనుమానం తరతరాలుగా ఉంది. గీటురాయి మీద గీతను చదవగలిగేది గీసినవాడే, కొనేవాడు ఆ చదువు మీద ఆధారపడాల్సిందే. తక్కెడ చూపేది బరువునే, మచ్చును చూపదు. తెలిసిన దుకాణంలోనూ మోసపోయిన సందర్భాలు లేకపోతే ప్రభుత్వం ముద్ర వేయాల్సిన అవసరమే వచ్చేది కాదు. పాత పద్ధతిలో మంచి ఒక్కటే, కొనేవాడి చూపు ఎక్కడుండాలో అతనికి తెలుసు. ఆ చూపుకు అందని భాగాన్ని అందించడమే తర్వాతి కాలం చేయాల్సిన పని.

తరుగులో దాగిన బొమ్మ

తర్వాతి కాలం ఆ పని సగం చేసింది. బంగారు నగలకు హాల్‌మార్క్ పథకం 2000లో మొదలైంది. 2021 జూన్‌లో దశలవారీగా తప్పనిసరి అయింది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన హెచ్‌యూఐడీ గుర్తు లేని హాల్‌మార్క్ నగలు అమ్మడానికి లేదు. రెండు గ్రాముల లోపు వస్తువులు, కొన్ని రకాల రాళ్ల నగలు, ఏడాదికి 40 లక్షల లోపు అమ్మకాలున్న దుకాణాలు వంటివాటికి మినహాయింపులున్నాయి. భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ముద్ర, 22కే916 వంటి స్వచ్ఛత అంకె, హెచ్‌యూఐడీ, ఈ మూడూ నగ మీద ఉంటాయి. గీటురాయి చదువు అవుసులాయన ఒక్కడికే తెలిసిన రోజులు పోయాయి. ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్ తెరిచి ఆ గుర్తు కొడితే ఏ నగో, ఎంత స్వచ్ఛతో ఎవరైనా చూడొచ్చు. మచ్చు విషయంలో కొనేవాడి చేతికి ఇంత బలం ముందెప్పుడూ లేదు.

అదే కాలంలో రెండో సగం ఎదురుదారి పట్టింది. 1993లో త్రిశూర్‌లో మొదలైన కల్యాణ్, అదే ఏడాది కోజికోడ్‌లో మొదలైన మలబార్ వంటి సంస్థలు తెలుగు నేల మీద కాలుమోపాయి. నిలువెత్తు అద్దాలు, ఎల్‌ఈడీ తెరలు, వాటి మీద నాగార్జున వంటి తారలు. అక్షయ తృతీయ నాడు కనీసం గ్రాము బంగారమైనా కొనాలన్న మాట ప్రకటనల జోరుతోనే ఇంటింటికీ చేరింది. మోటారుతో ఆడిన బొమ్మ తెర మీదికెక్కింది, పని మాత్రం బారంజర్ కాలం నాటిదే. పెళ్లికూతురు తల వంచుతుంది, హారం మెరుస్తుంది, ముప్పై సెకన్లకు ఆట మళ్లీ మొదటికొస్తుంది. లలితా జ్యువెలరీ యజమాని కిరణ్ కుమార్ మరో దారి తొక్కారు. తారలకు బదులు తానే తెర మీద నిలబడి, డబ్బులు ఎవరికీ ఊరికే రావంటూ, నచ్చిన డిజైన్ ఫొటో తీసుకెళ్లి నాలుగు దుకాణాల్లో ధర పోల్చుకోమన్నారు. ఆ ప్రకటన తెలుగు ఇళ్లలో అంతలా పాతుకుపోవడానికి కారణం ఉంది. కొనేవాడి చూపును మెరుపు మీద నుంచి లెక్క మీదికి తిప్పుతానని అది మాటిచ్చింది. ముఖం తెలిసిన సేటు కరువైన చోట ముఖాన్నే ప్రకటనగా పెట్టింది. తెలుగు కొనుగోలుదారు ఇప్పటికీ ఏది కోరుకుంటాడో ఆ వ్యాపారికి బాగా తెలుసు.

సోకు తప్పా అని అడిగితే తప్పు కాదు. సాగునీళ్లొచ్చిన ఇంట్లో, ఉద్యోగమున్న ఇంట్లో ఆడపిల్ల నచ్చిన మోడల్ నగ పెట్టుకోవాలనుకోవడం పొదుపు పాఠం చెప్పి ఆపాల్సిన సంగతి కాదు. అయితే సోకుకు ధర ఎక్కడ పడుతుందో తెలియాలి. అది తరుగు, మజూరీ వరసలో పడుతుంది. ఒకప్పుడు కరగబెట్టడంలో పోయిన పొడికి లెక్కగా ఉన్న తరుగు ఇవాళ బిల్లులో శాతంగా మారింది. డిజైన్ ఎంత సన్ననిదైతే శాతం అంత పెరుగుతుంది. అద్దాలకు, తెరలకు, తారలకు పెట్టిన ఖర్చు వ్యాపారి రాబట్టుకోవాల్సింది కూడా ఇలాంటి వరసల్లోంచే. అదే నగను రేపు గిర్వి పెడితే బ్యాంకైనా ఫైనాన్స్ కంపెనీ అయినా నికర బంగారం బరువును, స్వచ్ఛతను మాత్రమే లెక్కగడుతుంది. రాళ్లు తీసేస్తారు, తరుగు ఊసెత్తరు. అంటే బొమ్మ కోసం కట్టిన సొమ్ము కొన్న రోజే కరిగిపోతుంది. జీతం వచ్చే ఇల్లు ఆ నష్టాన్ని వినోదం ఖర్చులా మోయగలదు. వాన మీద బతికే ఇల్లు మోయలేదు, ఎందుకంటే దాని నగ మళ్లీ మళ్లీ తాకట్టు గుమ్మం తొక్కుతుంది.

అద్దంలో పెట్టాల్సింది

కాబట్టి బొమ్మను తిట్టి లాభం లేదు, దాని చోటు దానికి ఇవ్వాలి. సాలార్‌జంగ్ గడియారం జనాన్ని ఆపితే ఎవరి జేబూ ఖాళీ కాదు. బారంజర్ బొమ్మలూ అమ్మకం బాధ్యత తీరాక కళాఖండాలయ్యాయి. మన వైపు నుంచి అలా దాచుకోదగ్గ యంత్రం అవుసులాయన సామాను. గురిగింజలు, చెక్కపెట్టెలో మడిచిపెట్టే చిన్న తక్కెడ, గీటురాయి, ఊదుగొట్టం, మూసలు, అచ్చులు. నల్లగొండ పక్కన పానగల్లులో మ్యూజియం ఉంది, మహబూబ్‌నగర్ పక్కన పిల్లలమర్రిలో మ్యూజియం ఉంది. రాతి విగ్రహాల మధ్య ఈ సామానుకు ఒక అర కేటాయిస్తే ఈ నేల మీద బంగారం ఎలా నడిచిందో పిల్లలకు అర్థమవుతుంది. యంత్రాలు వచ్చి చేతిపని కరువైన ఈ రోజుల్లో ఆ పనిముట్లు పాత ఇనుము కింద పోకముందే ఆ పని జరగాలి.

దుకాణాల విషయంలో కావాల్సింది ఇంకా సులువు. ఎలక్ట్రానిక్ త్రాసు అంకెలు కొనేవాళ్ల వైపు తిరిగి ఉండాలి. ముద్ర చదవడానికి భూతద్దం అడగకముందే బల్ల మీద ఉండాలి. నగ పక్కన మొత్తం బరువు, నికర బంగారం బరువు, తరుగు శాతం, ఇవాళ తిరిగి అమ్మితే వచ్చే సొమ్ము, ఈ నాలుగు అంకెలూ తెలుగులో రాసి ఉండాలి. ఎల్‌ఈడీ తెర మీద తార పక్కన ఆ నాలుగో అంకె కూడా కదిలితే నిలబడి చూసేవాళ్లకు కొదవుండదు. ఏ దుకాణం ముందుగా ఆ పని చేస్తుందో దాని ముందే పాలమూరు, నల్లగొండ జనం ఆగుతారు. తూకం చూసి కొనడం ఇక్కడివాళ్లకు కరువు నేర్పిన విద్య. ఆ విద్యను గౌరవించే వ్యాపారికి ఏ బొమ్మా ఆడించాల్సిన అవసరం రాదు.